అడవి టీ, పెద్దమ్మ ప్రార్థన

చిన్న తెల్లకప్పు రెండు చేతులతో పట్టుకుని, తల వంచి, కళ్ళు మూసుకున్నాను. బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక మేడ మీద హాలు అది. శనివారం సాయంత్రం. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళకి నేను కళ్ళెందుకు మూసుకున్నానో తెలియదు, పేపరువాణ్ణని మాత్రం తెలుసు. పేపరువాడు చేశాడంటే అదేదో పద్ధతే అయివుంటుందనుకున్నారు కాబోలు, ఒకరిని చూసి ఒకరు వాళ్ళూ తలలు వంచారు. నా పక్కనున్న మా పెద్దమ్మ ఒక కన్ను తెరిచి (ఈ సంగతి తర్వాత ఆమే చెప్పింది) వంగిన తలలన్నీ చూసుకుని, ఇంతమంది సిద్ధంగా ఉంటే పెద్దదాన్ని నేను ఊరుకోవడం ఏం మర్యాద అనుకుని, గొంతు సవరించుకుని, "పరిశుద్ధుడవైన తండ్రీ" అని మొదలుపెట్టింది. బల్లకి అవతల, ఆ టీ రుచి చూసి విలువ చెప్పాల్సిన పెద్దాయన చిన్న ఇత్తడి గంట మీద వేలు ఆనించి అలాగే నిలబడిపోయారు. ఆ గంట మోగగానే కప్పుల్లోంచి ఆకు వడకట్టేయాలి. ఆలస్యమైతే టీ చేదెక్కుతుంది. మా పెద్దమ్మ ప్రార్థన ఎంతసేపు సాగుతుందో ఆ హాలు మొత్తంలో నాకొక్కడికే తెలుసు.

ఇప్పుడైతే నలుగురిలో తెలియని పద్ధతి ఏదైనా ఎదురైనప్పుడు బల్ల కింద ఫోను తీసి, చదివి, పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు ముఖం పెట్టుకోవచ్చు. నేను విలేకరిగా నిలదొక్కుకుంటున్న కాలానికి ఆ సౌకర్యం నా జేబుదాకా రాలేదు. కొత్తచోట పక్కవాడు ఏం చేస్తే అది చేయడమొక్కటే దారి. పక్కవాడు కూడా మనల్నే చూస్తున్నాడని తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయేది. అయినా ఆ రోజు నేను ఎవరినీ చూసి కళ్ళు మూసుకోలేదు. పాత అలవాటు ఆ పని చేయించింది. మాది క్రైస్తవ కుటుంబం. మారతహళ్ళిలో టైర్ల దుకాణం మీది అద్దె హాలులో మా ఆరాధన. నెలకోసారి ప్రభువు బల్ల రోజున పళ్ళెంలో ద్రాక్షరసం పోసిన చిన్న చిన్న గ్లాసులు వస్తాయి. అందుకున్నవాడు వెంటనే తాగకూడదు. అందరికీ అందేదాకా, పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించేదాకా, గ్లాసు పట్టుకుని తల వంచుకుని ఉండాలి. బాప్తిస్మం తీసుకున్న కొత్తలో ఒకసారి తొందరపడి ముందే తాగేశాను. మా అమ్మ గిచ్చిన గిచ్చుడు తొడ మీద వారం రోజులు కనబడింది. అప్పటినుంచీ మాటల్లేని గదిలో నా చేతికి చిన్న కప్పు అందిందంటే మెడ దానంతటదే వంగిపోతుంది.

అప్పట్లో నేను ఒక తెలుగు పేపరు బెంగళూరు ఎడిషన్‌లో చేరి ఏడాది కూడా కాలేదు. తెలుగు సంఘాల ఉగాది వేడుకలు, రక్తదాన శిబిరాలు, అపార్టుమెంట్లలో నీళ్ళ ట్యాంకర్ల తగాదాలు నా వాటా. డెస్కులో ఒక పెద్దాయన ఉండేవారు. నేను రాసిందంతా ఓపిగ్గా చదివి, "నువ్వు అనుకున్నది వద్దు నాయనా, వాళ్ళు అన్నది రాయి" అని సగం కొట్టేసేవారు. (మిగిలిన సగం స్థలం చాలక పోయేది.) ఆ వేసవిలో మా పెద్దమ్మ నీలగిరుల నుంచి మా ఇంటికొచ్చింది. అక్కడొక మిషన్ ఆసుపత్రిలో ఆమె వయసంతా నర్సుగా పనిచేసి, రిటైరైన తర్వాత కూడా ఆ ఆవరణలోనే చిన్న క్వార్టర్‌లో ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. వార్డులో రోగులతో మాట్లాడినట్టే అందరితోనూ మాట్లాడేది. "నాలుక చూపించు" అన్నాకే "ఎప్పుడొచ్చావు" అని అడిగేది.

ఈసారి ఆమె చేతిలో ఒక పాల పొడి డబ్బా ఉంది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రాత్రి భోజనాలయ్యాక మూత తీసి చూపించింది. నల్లగా, మెలికలు తిరిగిన ఆకు. "టీ" అంది. మా ఇంట్లో టీ అంటే చిక్కటి పాలు, అల్లం, గరిటె నిలబడేంత పంచదార. పాలు లేని టీ తాగితే ఇంట్లో ఎవరికో కడుపు బాగాలేదనీ, లేదా పాలు విరిగాయనీ అర్థం. కాబట్టి నేను ఆ డబ్బాని మందు కిందే లెక్కేశాను. అప్పుడు పెద్దమ్మ అసలు సంగతి చెప్పింది.

ఆసుపత్రి వెనక లోయలో ఎప్పుడో ఎవరో టీ తోట వేసి వదిలేసి పోయారట. కత్తిరించే దిక్కులేక మొక్కలు చెట్లయ్యాయి. గింజలు రాలి అడవిలోకి పాకి, అక్కడ వాటంతటవే మళ్ళీ మొలిచాయి. ఇప్పుడు ఏది నాటిందో ఏది మొలిచిందో ఎవరికీ తెలియదు. వేసవి వానలు పడ్డాక ఆయాలూ, నర్సులూ కలిసి వార్డుకి సున్నం వేసే నిచ్చెన తీసుకెళ్ళి లేతాకు కోస్తారు. ఉతికిన దుప్పట్ల మీద వాడబెట్టి, బట్టలుతికే బండ మీద చేత్తో నలిపి, తడిగుడ్డ కప్పి ఎర్రబడనిచ్చి, రొట్టెలు కాల్చే పొయ్యిలో ఆరబెడతారు. ఏడాదికి ఒకటో రెండో డబ్బాలు. అదంతా వాళ్ళ సరదా. ఇప్పుడు ఆ సరదాకి ముప్పు వచ్చింది.

"కొత్త బిల్డింగు కడతన్నారురా. కార్లు పెట్టుకోటానికి చోటు కావాలంట. వెనకాలదంతా పిచ్చి చెట్లేగా, కొట్టిచ్చేద్దాం అన్నారు కమిటీలో. పిచ్చి చెట్లు కాదయ్యా, టీ చెట్లు అన్నాను. డాక్టరుగారు నవ్వాడు. సిస్టర్, టీ నడుందాకా ఉంటుంది, ఇవి మేడంత ఉన్నాయి అన్నాడు. ఆయన హౌస్ సర్జన్‌గా వచ్చినప్పుడు సూది పట్టుకోవటం నేర్పింది నేనేరా."

"మరి ఏమన్నాడు చివరికి?"

"టీ సంగతి తెలిసిన పెద్దమనిషి ఎవరన్నా రుచి చూసి, ఇది నిజంగా పనికొచ్చే టీయే అని చెబితే అప్పుడు చూద్దాం అన్నాడు. లేకపోతే వానలు తగ్గాక కొట్టిచ్చేస్తారంట. నువ్వు పేపరోడివి గదా, అట్టాంటోళ్ళు నీకు తెలవకుండా ఉంటారా?"

నాకు అలాంటివాళ్ళు ఎవరూ తెలియదు. కానీ పేపరోడివి అన్నాక తెలియదని చెప్పడం ఆ వయసులో చేతకాదు. నాలుగు చోట్ల విచారిస్తే బ్రూక్‌ఫీల్డ్‌లో ఒకాయన ఉన్నారని తేలింది. పెద్ద టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం చేసి రిటైరైనవారు. కొడగు వైపు మనిషి. శనివారాల్లో ఐటీ పిల్లలని కూర్చోబెట్టి రకరకాల టీలు రుచి చూపిస్తారట. ఫోను చేస్తే, "అడవిలో పెరిగిందా, తప్పకుండా తీసుకురండి, దాంతోనే మొదలుపెడదాం" అన్నారు. ఆయన చెంచాతో టీ నోట్లోకి లాగితే కొత్తగుడ్డ చించిన చప్పుడొచ్చేది. అందుకని మనసులో ఆయనకి జుర్రు సార్ అని పేరు పెట్టుకున్నాను. ఇప్పటికీ అసలు పేరు చప్పున గుర్తురాదు.

శనివారం పొద్దున, ఆకు చెమ్మపట్టిందని పెద్దమ్మ మిద్దె మీద పాతచీర పరిచి డబ్బా బోర్లించింది. మా ఇంటి ఓనరాంటీ వాళ్ళు ముత్తాతల కాలం నుంచీ బెంగళూరువాళ్ళు. ఆమె తెలుగులో కన్నడం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. నేను ముఖం కడుక్కుంటుంటే వచ్చింది.

"ఏమప్పా, మీ పెద్దమ్మ మిద్దిమింద ఏందో ఆకు ఆరబోసుండాది? నాటు ఔషధమా?"

"టీ ఆకు ఆంటీ. అడవిలోది."

"అడివిదంటే ఔషధమే గదప్పా. ఆయమ్మ నర్సు వేరే. మా ఇంటాయన మోకాలు వాచుండాది, రవ్వంత తీసుకుంటా, సరేనా?"

నేను సరేనన్నాను. (రవ్వంత అంటే ఎంతో అడగలేదు. ఒక్కొక్క ఇంట్లో రవ్వంతకి ఒక్కొక్క కొలత.) మధ్యాహ్నం పెద్దమ్మ మిద్దె ఎక్కేసరికి చీర మీద పిడికెడు ఆకే మిగిలింది. కింద వరండాలో ఓనరంకుల్ కాలు చాపుకుని కూర్చున్నాడు. మోకాలి మీద, వేడినీళ్ళలో నానబెట్టి గుడ్డలో కట్టిన మా టీ పట్టు ఉంది. పెద్దమ్మ కోప్పడలేదు. ముందు మోకాలు నొక్కి చూసి, కట్టు వదులుగా ఉందని విప్పి మళ్ళీ గట్టిగా కట్టింది. ఆ తర్వాత మిగిలిన ఆకు డబ్బాలోకి ఎత్తి, కుదిపి చూసుకుని, "ఒక్కసారికి వస్తదిలేరా" అంది. ఆమె గొంతులో అంత చిన్న మాట నేనెప్పుడూ వినలేదు.

డబ్బా ఒళ్ళో పెట్టుకుని, గొడుగు చంకలో పెట్టుకుని, ఆమె నా స్కూటరు వెనక కూర్చుంది. దారిలో రోడ్డు తవ్వేసి ఉంది. బస్సులూ, క్యాబులూ, మేమూ ఒకర్నొకరు చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డాం. హాలుకి చేరేసరికి జుర్రు సార్ చెప్పాల్సిన పద్ధతులన్నీ చెప్పేశారు. నీళ్ళు మరుగుతున్నాయి. బల్లకొక కొసన మాకోసం రెండు కుర్చీలు ఖాళీగా ఉంచారు. ఆయన డబ్బా అందుకుని, ఆకు అరచేతిలో పోసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంతేనా ఉన్నది?" అని అడిగారు. "ఉన్నదంతా వేసెయ్యండి బాబూ, ఎవరికీ తక్కువ కాకూడదు" అంది పెద్దమ్మ. కప్పుకింత చొప్పున పంచారు. నీళ్ళు పోశారు. కప్పులు మా చేతికొచ్చాయి. ఆయన గడియారం చూసుకుని, ఇప్పుడెవరూ మాట్లాడకండి, గంట కొట్టేదాకా వాసన మాత్రం చూడండి అన్నారు. గది నిశ్శబ్దమైంది. నా మెడ వంగింది.

మా పెద్దమ్మ ప్రార్థనకి ఒక వరుస ఉంది. ముందు స్తోత్రాలు. తర్వాత దేశాన్ని ఏలేవారు, ప్రయాణాల్లో ఉన్నవారు, ఆసుపత్రుల్లో ఉన్నవారు వార్డు వారీగా. ఆ రోజు దారిలో రోడ్డు తవ్వినవారు కూడా చేరారు. ఓనరంకుల్ మోకాలు వచ్చింది. "ఈ బిడ్డలందరూ పగలూ రాత్రీ కంప్యూటర్ల ముందు కూర్చుంటన్నారు ప్రభువా, వీళ్ళ కళ్ళనీ నడుములనీ కాపాడు" అన్నప్పుడు నా పక్కన మెళ్ళో కంపెనీ కార్డుతో కూర్చున్న తెలుగబ్బాయి నెమ్మదిగా నావైపు వంగాడు.

"బ్రో, ఇది టీ టేస్టింగా, ప్రేయర్ మీటింగా?"

"అయిపోవచ్చింది" అన్నాను. అబద్ధం. ఇంకా చెట్ల దగ్గరికే రాలేదు.

"ఆమె నడుము గురించి అన్నది కరెక్టే బ్రో" అని వాడు మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

చివరికి చెట్లు వచ్చాయి. "వాటిని ఎవరు నాటారో మాకు తెలవదు తండ్రీ, పెంచింది మాత్రం నువ్వే. మేము నీళ్ళు పొయ్యలా, ఎరువు వెయ్యలా. ఊరికినే కోసుకున్నాం. ఇప్పుడు వాటిని కాపాడటానికి మాకు నోరు లేదు. ఈ పెద్దాయన నాలుకని ముట్టు ప్రభువా. ఉన్నది ఉన్నట్టు చెప్పేట్టు చెయ్యి. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పనియ్యి, అది కూడా తట్టుకుంటాం." నేను కళ్ళు తెరిచాను. జుర్రు సార్ వేలు ఇంకా గంట మీదే ఉంది. ఆయనకి తెలుగు ఎంత వచ్చో నాకు తెలియదు, కానీ ఆ వేలు కదల్లేదు. ఆమె ఆమెన్ అంది. హాలు హాలంతా ఆమెన్ అంది. గంట మాత్రం మోగలేదు, ఇక మోగించి ప్రయోజనం లేదు కాబట్టి.

ఆయన కప్పుల్లోకి చూశారు. టీ ముదురు రంగుకి తిరిగి చల్లారుతోంది. ఆయన కన్నడం, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవారు. నాకు గుర్తున్నంతలో తెలుగు చేసి చెబుతున్నాను. "అమ్మా, పద్ధతి ప్రకారం ఇది పారబోసి మళ్ళీ పెట్టాలి. ఆకు ఇంకా ఉందా?" పెద్దమ్మ డబ్బా తిరగేసి చూపించింది. దుమ్ము కూడా రాలలేదు. నాకు ఆ క్షణంలో మోకాలూ, చెట్లూ, నా మెడా అన్నీ ఒకేసారి కళ్ళముందు తిరిగాయి. ఆయన నిట్టూర్చి, చెంచా తీసుకుని, వడకట్టిన టీ ఒక్కసారి లాగారు. గుడ్డ చినిగింది. నోట్లో అటూ ఇటూ తిప్పి, పక్కనున్న పాత్రలో ఉమ్మాలి. ఉమ్మలేదు. మింగేశారు. మళ్ళీ లాగారు. మళ్ళీ మింగారు.

"చేదెక్కలేదే" అన్నారు, తనలో తాను అనుకున్నట్టు. "ఇంతసేపు నానితే ఏ టీ అయినా నాలుకని పట్టుకుంటుంది. ఇది పట్టుకోలేదు. వెనక ఇంకో వాసన కూడా ఏదో ఉంది. శుభ్రంగా, ఎండలో ఆరినట్టు."

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. "ఆసుపత్రి వాసన కాదు గదా బాబూ? దుప్పట్లు రెండుసార్లు ఉతికిచ్చాం."

"దుప్పట్లా" అన్నారాయన. విషయమంతా విన్నాక ఆ కప్పు మళ్ళీ వాసన చూసి పెద్దగా నవ్వారు. అందరూ తాగారు. నేనూ తాగాను. పాలు లేవు, పంచదార లేదు, వేడి కూడా లేదు. ముందు నాలుక కొంచెం ముడుచుకుంది. ఇదేనా అనుకుంటుండగా గొంతు వెనక నుంచి మెల్లగా తీపి తిరిగొచ్చింది, ఉసిరికాయ నమిలి మంచినీళ్ళు తాగితే వస్తుందే, అలాంటిది. కంపెనీ కార్డు అబ్బాయి కప్పు అడుగు దాకా చూసి, "బ్రో, బానే ఉంది కదా" అన్నాడు, ఎవరో కాదన్నట్టు.

"మరి మంచి టీ అని చెబుతారా బాబూ? వాళ్ళకి ఆ ఒక్క మాట చాలు" అని అడిగింది పెద్దమ్మ. జుర్రు సార్ చెంచా కింద పెట్టారు. "చెప్పలేనమ్మా. ఆకు మామూలుకన్నా తక్కువ పడింది, సమయం మామూలుకన్నా ఎక్కువైంది. రెండు తప్పులూ కలిసి సరిపోయాయేమో. లేక ఆకు గుణమే అదేమో. ఉన్నది ఉన్నట్టు చెప్పమని మీరే అడిగారు కదా, ఉన్నది ఇంతే." అంటే ఆ ప్రార్థన ఆయనకి అర్థమైందన్నమాట. పెద్దమ్మ తల ఊపింది. ఖాళీ డబ్బా మూత పెట్టి, మూత మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఆయన ఆ డబ్బా వైపు చూసి, కమిటీ డాక్టరుగారి నంబరు అడిగారు. అక్కడే ఫోను చేశారు. "ఈ టీని ఇంకా పూర్తిగా పరీక్షించలేదు. వచ్చే కోతకి నేనే పైకొస్తాను. అప్పటిదాకా ఆ చెట్లని కదిలించకండి" అని, అవతలివాళ్ళు ఏదో అడుగుతుంటే, "మంచిదా కాదా అన్నది పరీక్ష అయ్యాక" అని పెట్టేశారు.

ఆ సోమవారం నేను రాసిన వార్త ఇప్పటికీ నా దగ్గరుంది. అడవి గుండె చప్పుడు అనీ, పచ్చని లోయల పరిమళం అనీ ఏవేవో రాశాను. (ఆ లోయని అప్పటికి నేను చూడనేలేదు.) డెస్కు పెద్దాయన చదివి, కళ్ళజోడు తీసి, "ఇది వార్త కాదు నాయనా, సాక్ష్యం. ఆదివారం చర్చిలో చెప్పుకో" అన్నారు. అయినా ఎందుకో పారేయలేదు. విశేషణాలన్నీ కొట్టేసి, మిగిలిన నాలుగు వాక్యాలు లోపలి పేజీలో చిన్న బాక్సు కట్టి వేశారు. ఆ నాలుగింటిలో ఒకటి పెద్దమ్మ మాట, "ఊరికినే కోసుకున్నాం" అన్నది. ఇప్పుడు ఆ పేపరు ముక్క చూస్తే, ఆ కొట్టేసిన విశేషణాల కోసం నాలుగు రోజులు అన్నం సరిగా తినని ఆ బక్కపలచని కుర్రాడి మీద జాలీ నవ్వూ కలిసి వస్తాయి. ఆ గదిలో తను చూసినదాన్ని వదిలేసి, చూడని లోయ గురించి అంత శ్రద్ధగా రాశాడు పాపం.

మరుసటి ఏడు జుర్రు సార్ మాట ప్రకారం కొండెక్కారు. ఆ వారమంతా వాన, కోసిన ఆకు వడలలేదు. ఇంకో ఏడు ఆయాలు ముదురాకూ లేతాకూ కలిపేశారు, అది లెక్కలోకి రాదన్నారాయన. మరో ఏడు ఆయనకే జలుబు చేసి నాలుకకి ఏమీ తెలియలేదు. ప్రతిసారీ కమిటీకి ఒకటే మాట, పరీక్ష ఇంకా పూర్తి కాలేదు, ఆగండి. ప్రతిసారీ పెద్దమ్మ క్వార్టర్ వరండాలో కూర్చుని ఇద్దరూ ఆ పరీక్షకి పనికిరాని టీని కూజాలకి కూజాలు తాగేవారు. విలేకరి బుద్ధి ఊరుకోదు కాబట్టి ఒకసారి నేనూ ఆయనతో కలిసి కొండ దిగుతుండగా అడిగాను, "సార్, నిజం చెప్పండి, మీకు ఎప్పుడో తెలిసిపోయింది కదా?" "తీర్పు చెప్పేశాక నన్ను పైకి ఎవరు పిలుస్తారయ్యా" అన్నారు.

ఆయనకిప్పుడు మెట్లెక్కే ఓపిక లేదు. పెద్దమ్మకి చెవులు సరిగా వినబడవు, ప్రార్థన మాత్రం కుదించలేదు. ఆసుపత్రి కొత్త బిల్డింగు లేచింది. డాక్టర్ల కార్లు గేటు బయట రోడ్డు వారగా ఆగుతున్నాయి. చెట్లు కొట్టాలా వద్దా అన్నది ప్రతి ఏడూ కమిటీ ముందుకొస్తుంది, రుచి పరీక్ష ముగిశాక చూద్దామని వాయిదా పడుతుంది. ఆ టీ మంచిదో కాదో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.